పెద్దమ్మ కళ్ళు

ఆదివారం రాత్రి, వాట్‌గంజ్

కళ్ళజోడు మీద ఫ్లాష్ మెరిసి, పెద్దమ్మ కళ్ళు ఇంతవరకూ ఏ ఫోటోలోనూ కనిపించలేదు. అందుకే ఈరోజు కూతురి నిశ్చితార్థంలోనూ ఫోటోకు రానంది. బతిమాలి కూర్చోబెట్టాను. ఫ్లాష్‌ను కెమెరా మీంచి తీసి, పక్కగా ఎత్తైన స్టాండు మీద పెట్టి, తెల్ల గొడుగు గుండా వెలుగు పడేలా చేశాను. మొదట అద్దాల్లో గొడుగే కనిపించింది. స్టాండు ఇంకాస్త పక్కకు జరిపితే మెరుపు పోయింది. వచ్చే వారం పరాయివాళ్ళ పెళ్ళిలో ఫోటోలు తీసేటప్పుడు నాకింత వ్యవధి ఎవరిస్తారో...

"నా కళ్ళు ఇలగుంటాయేటే?" అంది పెద్దమ్మ, ఫోటో చూసుకుని.

"నాకు పెళ్ళిచూపుల్నాడే తెల్సు," అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ సిగ్గుపడి, ఆయన్ని పక్కన కూర్చోమంది. అప్పుడు తీసిన ఫోటోలో ఇద్దరూ నవ్వాపుకోలేక కెమెరా వైపే చూడలేదు. నాకు అదే ఎక్కువ నచ్చింది.