తాత జేబులో ఎర్రనల్లులు

ప్రణతీ, రాగానే కంగారుపడకు, ముందు అన్నం తిను. నువ్వు చెప్పినట్టే వంకాయ ఆకుల్ని సబ్బునీళ్లలో ఊపి, ఆ నీళ్లు తెల్లగుడ్డలో వడకట్టినాను. నువ్వు లెక్కెట్టాల్సిన ఎర్రనల్లి పురుగులన్నీ గుడ్డ మీదే ఉన్నాయి. ఆ గుడ్డ మీ తాత రుమాలు. ఈ ఇంట్లో తెల్లగా ఇంకేటుందే? ఆరనిచ్చి, పురుగులు రాలకుండా మడతెట్టి బల్ల మీద ఉంచితే, "ఇన్నాళ్లకి నా మీద ప్రేమొచ్చిందా నీకు!" అని మురిసిపోయి, జేబులో పెట్టుకుని నిమ్‌పురాలో పింఛనీ మీటింగుకి పోయినాడు. అసలే జలుబు మనిషి. ఫోను ఎత్తడు. ఆయన ముక్కు చీదేస్తే రేపు మీ సారుకి ఏటి లెక్క చెప్తావు? మళ్లీ కొయ్యడానికి మొక్కకి ఆకు మిగల్లేదు. అందుకే టోటో రిక్షా ఎక్కి ఆయన దగ్గరికే పోతన్నాను.

నానమ్మ

ఇప్పుడే ఫోనెత్తినాడు. రుమాలు విప్పలేదట. అంత ముద్దుగా మడతెట్టి ఇచ్చినావు, పాడుచెయ్యబుద్ధి కాలేదు, చొక్కా చేతికే తుడుచుకుంటన్నాను అన్నాడు. రంగు రుమాలొకటి ఇంకా ముద్దుగా మడతెట్టి పట్టుకెళ్తన్నాను, మార్చేస్తాను. పురుగుల మాట మాత్రం ఆయన దగ్గర ఎత్తకే.