అత్తమ్మ కోసం మోగిన డోళ్ళు

అత్తమ్మా, బాగున్నావా? నువ్వు పోయి నిన్నటితో ఏడాది నిండింది. ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకు... నిన్న ఆడీ ఆడీ కాళ్ళు లాగేస్తున్నాయి, అందుకే ఒకచోట కూర్చుని రాస్తున్నాను.

నీ కొడుకు పోయిన నాడు గుర్తుందా? బైబిలు పాత నిబంధన కాలం వాళ్ళలా తల మీద బూడిద పోసుకుని కూర్చున్నావు. నీకు మతి చెడిందన్నారు చుట్టాలు. సమాధి చేసి వచ్చాక నువ్వే లేచి స్నానం చేసి, నా తలకు నూనె రాశావు. "బిడ్డ సచ్చినంక గ్రంథంల ఆ రాజు లేసి బువ్వ తిన్నడు. లే బిడ్డా, మనం గూడ తిందాం" అన్నావు. ఆ ముద్ద ఎలా మింగానో...

మా అమ్మ నన్ను భద్రాచలం అవతల మా అడవి ఊరికి తీసుకెళ్తుంటే, మన ఏన్కూరులో సంచి పట్టుకుని నువ్వూ బస్సెక్కావు. గ్రంథంలో అత్త వెంట కోడలు పోయింది. నువ్వేమో... "నేనే నీ యెంట వస్త. ఏంది గట్ల చూస్తున్నవ్, జరుగు!" ఎంత మొండిదానివి అత్తమ్మా!

మా ఊళ్ళో ప్రార్థన చేసుకునేది నువ్వొక్కదానివే. అందుకే నిన్నటిదాకా నా దిగులు. పోయినవాళ్ళకు ఏడాదికి మావాళ్ళు డోలు కొట్టి, ఆడి, రాయి నిలబెడతారు. అది తమ వాళ్ళకే చేస్తారు. నీకు చేస్తారా? చేసినా, ఖానాపురం హవేలి నుంచి ప్రార్థన కూడిక పెట్టడానికి వచ్చిన నీ కూతురు, మా వదిన, డోలు వింటే లేచి వెళ్ళిపోదూ?

నిన్న కూడిక చివర వదిన ఆమేన్ అందో లేదో... డోళ్ళు మోగాయి! మావాళ్ళు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారట. వదిన నావైపు చూసింది. మా పెద్దమ్మ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. అంతే... చెప్పులు విడిచి వరసలో కలిసింది! ఒక్క అడుగూ సరిగ్గా పడలేదు. ఏడుస్తూనే నవ్వుతూ ఆడింది. చూశావా నువ్వు?

నీ రాయి మా నాయనమ్మ రాయి పక్కన నిలబెట్టారు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నువ్విక మా ఊరి మనిషివి.

నీ పక్కన ఇంకొంచెం చోటుంది. అది నాదని అమ్మకు చెప్పి ఉంచాను. తొందరేం లేదులే... ఈ పొద్దున తలకు నూనె రాసుకున్నాను, కడుపునిండా తిన్నాను. రేపూ తింటాను.

నువ్వు వెంట వచ్చిన
నీ కోడలు