ఎద్దు మెడకు తెచ్చిన మందు

సూర్యాపేట, 1964

సోమక్కా,

ఎద్దును చూసి కుళ్లుకుంటున్నానంటే నవ్వకు. కాడి ఒరుసుకుని దాని మెడ పుండైందని నీ మరిది పశువుల దవాఖాన నుంచి మందు తెచ్చాడు. రోజూ పూస్తూ, "జర ఓర్సుకో బిడ్డా" అని పుండు మీద మెల్లగా ఊదుతాడు. దాని మీద ఎన్నడూ ఎత్తని ముల్లుగర్ర నా వీపు మీద విరిగింది. నొచ్చిందా అని నన్ను మాత్రం అడగలేదు.

నిన్న ఆయన మిర్యాలగూడ పోగానే ఆ విరిగిన ముక్కతోనే ఎద్దును కొట్టాను. అది తాడు తెంపుకోలేదు, కొమ్ము విసరలేదు. తల వంచుకుని నిలబడింది, అచ్చం నాలాగే. ఏడుస్తూ ఆ వాతకు మందు పూశాను. కొంచెం నాకోసం దాచుకున్నాను.

ఓర్చుకొమ్మని మళ్లీ ఉత్తరం వేయకు. వీపుకు నా చెయ్యి అందడం లేదు, ఒక్కసారి వచ్చిపో.

నీ చెల్లెలు