స్కూటరు కథలో మిగిలిన సగం

ఏవండీ,

మీరు పోయాక మొదటిసారి, ఈ ఉదయం నా ముక్కు నుంచి రక్తం కారింది. గుండెలో కవాటం మార్చినప్పటి నుంచి వేసుకుంటున్న, రక్తం పలచబడే మాత్రలతో ఇది మనకు అలవాటే కదా.

పై వాటాలో ఉండే లక్ష్మి చూసి కంగారుగా దిగొచ్చింది. "అక్కా, తల ఎనుకకు వాల్చుర్రి! ఉల్లిగడ్డ వాసన సూడుర్రి, ఆగుతది!" అంది. వద్దని చెయ్యి ఊపి, మీరు నేర్పినట్టే ముందుకు వంగి, ముక్కు మెత్తటి చోట గట్టిగా నొక్కిపట్టి, నోటితో ఊపిరి తీసుకుంటూ కూర్చున్నాను.

నొక్కిపట్టడం ఎప్పుడూ మీ పనే. ఆగిందేమో చూద్దామని నేను మధ్యలో మీ చెయ్యి లాగేస్తే మళ్ళీ కారేది. అందుకే మీరు కథ ఎత్తుకునేవారు. రక్తం ఆగగానే కథా ఆపేసేవారు. నారాయణగూడ మార్కెట్లో స్కూటరు పోగొట్టుకున్న మీ స్నేహితుడి కథ అలాగే సగంలో ఉండిపోయింది. మిగతాది అడిగితే, "మళ్ళీ కారినప్పుడు చెప్తాలే" అన్నారు.

ఈరోజు ఆ సగం నేనే అల్లుకున్నాను. పాపం, ఆయన ఎండలో వెతికి వెతికి ఇంటికొస్తే స్కూటరు గుమ్మం ముందే ఉంది. పొద్దున మార్కెట్‌కి నడిచే వెళ్ళాడు! నాకు నవ్వొచ్చి చెయ్యి వదిలాను. రక్తం ఎప్పుడో ఆగిపోయింది.

"ఏందక్కా, నవ్వుతున్నరు?" అంది లక్ష్మి.

మాత్ర మానలేదు, డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను, బెంగపడకండి.

మీరైతే కథలో ఆ స్నేహితుణ్ణి బర్కత్‌పుర దాకా తిప్పేవారే. నాకు జాలేసి, ఇంటికి చేర్చేశాను.

మీ
సుశీల