పదిహేడో పెట్టెలో తాతగారు

రికార్డుల ఆఫీసు వారికి నమస్కారాలు.

నేను నలభై ఏళ్లు బట్టలు కుట్టి రిటైరైన టైలర్ని. వచ్చే నెలతో మన ఏటి వంతెనకు నూరేళ్లు నిండుతాయి. కట్టినవాళ్ల పేర్లు చెక్కి ఒక రాతిపలక పెడతారట. అసలు కట్టించింది మా తాతగారే. మా హాల్లో ఫొటో ఉంది. సగం కట్టిన వంతెన ముందు నిలబడి, చెయ్యెత్తి పనివాళ్లకు పనులు పురమాయిస్తుంటారు. కమిటీవాళ్లు మాత్రం ఫొటో చాలదు, మీ ఆఫీసు నుంచి కాగితం తెమ్మన్నారు. దయచేసి వెతికి పంపండి. బంధువులందరినీ ఇప్పటికే పిలిచేశాను.

ఇట్లు,
టైలరు

తా.క.: మొన్న మీ చదువుల గదికి స్వయంగా వచ్చాను. నా పెన్ను తీసుకుని పెన్సిలు చేతిలో పెట్టారు. ఇదేం మర్యాద? పైగా కిటికీ పక్క కుర్చీకి ఒక కాలు పొట్టి.

* * *

టైలరు గారికి,

మీ తాతగారు దొరికారు. పెద్ద శ్రమ కూడా పడలేదు. వంతెన కాగితాలు మా దగ్గర ఇరవై పెట్టెలున్నాయి. పదిహేడో పెట్టె నిండా ఆయనే, మొత్తం పదకొండు ఉత్తరాలు. చిన్న చిక్కేమిటంటే, అది ఫిర్యాదుల పెట్టె.

భవదీయురాలు,
పెట్టెల గది ఉద్యోగిని

తా.క.: పాత కాగితం మీద సిరా పడితే పోదు, అందుకే పెన్సిలు. కుర్చీ సంగతి నిజమే. నేనూ పడ్డాను.

* * *

అమ్మా,

పెద్ద పనులు చేసేవాళ్ల మీద ఫిర్యాదులు రాకుండా ఉంటాయా? పదకొండుమంది ఓర్వలేక రాసి ఉంటారు. వాళ్ల పేర్లు పంపండి. ఒకడెవడో నాకిప్పటికే తెలుసు. మా ఎదురింటి చెప్పుల షాపాయన వాళ్ల తాత. అందుకే నిన్నటి నుంచి ఆయనతో మాటలు మానేశాను.

ఇట్లు,
టైలరు

తా.క.: మీ కవరుకు జిగురు అంటలేదు. పోస్టుమాను వీధిలోనే "మీ తాతగారు దొరికారటగా!" అన్నాడు.

* * *

టైలరు గారికి,

ముందు ఎదురింటాయనతో మాట కలపండి. అవి మీ తాతగారి మీద ఫిర్యాదులు కావు, మీ తాతగారు రాసినవి. ఆయన ఏటి మీద పడవ నడిపేవారు. వంతెన వస్తే ఇక పడవ ఎవరెక్కుతారు? అందుకని వంతెన వద్దంటే వద్దని పదకొండుసార్లు రాశారు. నకళ్లు పంపుతున్నాను. మీ హాల్లో ఉన్న ఫొటోనే మా దగ్గరా ఉంది. దాని వెనక ఇంజనీరు గారు రాసింది ఇది: "పని ఆపమని అడ్డం నిలబడిన పడవాయన."

భవదీయురాలు,
పెట్టెల గది ఉద్యోగిని

తా.క.: ఈసారి కవరుకు నేనే జిగురు రాసి, ఆరేదాకా దాని మీద కూర్చున్నాను.

* * *

అమ్మా,

ఆయన మా తాత కాదు. మా తాత ఒకరిని పల్లెత్తు మాట అనేవారు కాదని ఇంటిల్లిపాదీ చెబుతారు. ఇంకో పెట్టెలో ఇంకో తాత ఉన్నారేమో చూడండి.

నాకు చాలా సిగ్గుగా ఉంది. నలభైమంది బంధువులు వస్తున్నారు. కొత్త కోటు కుట్టుకున్నాను. దాని సంగతి పోనివ్వండి. మా అక్కయ్యకు ఎనభై ఆరేళ్లు, చూపు ఆనదు. పలక మీద తాతయ్య పేరు వేలితో తడిమి చూస్తానంటోంది. ఆవిడకు నేనేం చెప్పను?

ఇట్లు,
టైలరు

తా.క.: నకళ్లలో మూడోది వంకరగా వచ్చింది. ఆరోదాని అంచు తెగింది.

* * *

టైలరు గారికి,

మీరు రాసిన మూడు ఉత్తరాల్లో పెన్సిలు, కుర్చీ, జిగురు, వంకర, అంచు కలిపి ఐదు ఫిర్యాదులున్నాయి. ఆయన మీ తాత కాదంటే నేను నమ్మను.

మీ అక్కయ్యగారి మాట చదివాక మాత్రం ఊరుకోలేకపోయాను. నాలుగో పెట్టెలో ఇంజనీరు గారి డైరీ ఉంటే తీశాను. తొమ్మిదో ఉత్తరంలో తాతగారు ఇలా అన్నారు: "మూడో స్తంభం పెట్టేచోట అడుగున ఇసుక. నా పడవ గడ నిలవదు, మీ రాయేం నిలుస్తుంది? కట్టుకోండి, కూలాక నా పడవే దిక్కు." ఆ వారమే డైరీలో ఉంది: "పడవాయన పోరు పడలేక తవ్వించాను. ఇసుకే. స్తంభాన్ని పన్నెండడుగులు జరిపాం." రెండూ కమిటీకి చూపించాను. పలక మీద ఆయన పేరు పడుతోంది.

భవదీయురాలు,
పెట్టెల గది ఉద్యోగిని

తా.క.: మాకొచ్చే ఉత్తరాలను విషయాన్ని బట్టి పెట్టెల్లో పెట్టడం మా ఆఫీసు పద్ధతి. మీవి పదిహేడో పెట్టెలో, తాతగారి వెనకే ఉన్నాయి.

* * *

అమ్మాయికి ఆశీస్సులు.

పలక చూశాం. తాతయ్య పేరు, దాని కింద "వంతెన వద్దంటూనే దాన్ని నిలబెట్టినవాడు" అని చెక్కారు. అక్కయ్య అక్షరం అక్షరం తడిమి, "వద్దనకుండా ఎలా ఉంటాడ్రా! బతికున్నన్నాళ్లూ దీని మీద కాలు పెట్టలేదు. పడవ మూలపడ్డాక కూడా అవతలికి ఈదుకుంటూ వెళ్లేవాడు" అంది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నువ్వంత సంబరంగా కోటు కుట్టుకుంటుంటే ఎలా చెప్పను?"

ఇద్దరం నవ్వాం, తర్వాత ఏడ్చాం. ఎదురింటాయన రుమాలిచ్చాడు. ఇప్పుడు హాల్లో ఫొటో గురించి ఎవరడిగినా, "మా తాత, పని ఆపమంటున్నాడు" అని గర్వంగా చెబుతున్నాను.

మీ మేలు మరవని,
టైలరు

తా.క.: పలక ఎడమవైపు అరంగుళం కిందికి వాలింది. టేపు పెట్టి కొలిచాను. కమిటీకి మూడు ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేదు. నకళ్లు దీంతో పంపుతున్నాను. ఏ పెట్టెలో పెట్టాలో నీకు తెలుసు.