గోరక్కకు పెట్టె వద్దు

11 ఫిబ్రవరి 2006

ఖమ్మంలో డిశ్చార్జ్ చేయించి అక్కను తండాకు తెచ్చేశాను. ఇక మందులు పనిచేయవన్నాడు డాక్టరు. నేను ఏఎన్ఎమ్ నర్సుని. ఆ మాట చాలా ఇళ్లలో నేనే చెప్పాను. వినాల్సి రావడం వేరు. దారంతా ఏడ్చాను. అక్క మాత్రం ఏన్కూరు దాటగానే, మిర్చి కోతకు కూలీలు దొరికారా అని అడిగింది.

13 ఫిబ్రవరి

అక్క అడిగేసింది.

మా తండాలో పెళ్లయినవాళ్లను కాలుస్తారు. పెళ్లి కానివాళ్లను పూడుస్తారు. గోరక్కకు యాభై ఏళ్లు, పెళ్లి కాలేదు. అమ్మ పోయేనాటికి నాకు రెండేళ్లు, అన్నయ్య రవికుమార్‌కు ఆరు. మమ్మల్ని సాకడం కోసం వచ్చిన సంబంధాలన్నీ తిప్పి పంపింది. ఇప్పుడు ఆమెను వాగు ఒడ్డున, చంటిపిల్లల్ని పూడ్చేచోట పెడతారు.

"నేనింకా చిన్నపిల్లనా సువర్ణా? పోరగాళ్ల పక్కన పండబెట్టకు. నన్ను కాలబెట్టు."

హంగులేమీ వద్దంది. కప్పుకునే దుప్పటి చాలంది. సరేనన్నాను.

14 ఫిబ్రవరి

మా తండా పెద్ద బిచ్యా నాయక్ దగ్గరికి వెళ్లాను. కుదరదన్నాడు. పెళ్లి కాని ఆడదాన్ని కాలిస్తే తండాకు అరిష్టమట. ఆమె బతికి ఉండగా ఏం అరిష్టం వచ్చిందో చెప్పమన్నాను. ఆయన కోడలి కాన్పుకు రెండు రోజులు కదలకుండా కూర్చున్నది అక్కే. బీడీ వెలిగించుకున్నాడు.

18 ఫిబ్రవరి, ఉదయం 6

అక్క పోయింది.

11 గంటలు

అన్నయ్య ఖమ్మం నుంచి ట్రాలీ ఆటోలో పెట్టె తెచ్చాడు. టేకు పెట్టె. వార్నిష్, పైన అద్దం, ఇత్తడి పిడులు. పూడ్చడం ఎలాగూ తప్పదు, ఘనంగా పూడుద్దాం అంటాడు. తన ఆఫీసు వాళ్లొస్తారట. నాయక్‌తో ముందే మాట్లాడుకున్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. అక్క ఏం కోరిందో నీకూ తెలుసు కదా అన్నాను. నలుగురిలో పరువు తీయొద్దన్నాడు. నేను అక్క తల దగ్గర కూర్చున్నాను. లేవలేదు.

ఎవరింట్లో చావు జరిగినా మా దగ్గర ఇంటికో కట్టె తెస్తారు. ఈసారి ఒక్క కట్టె కూడా ఇవ్వొద్దని నాయక్ ఇల్లిల్లూ చెప్పించాడు. కట్టెల్లేకపోతే దారికొస్తాననుకున్నాడు.

సాయంత్రం

మా చేన్లో మంచె ఉంది. దాని మీద కూర్చునే అక్క పదిహేనేళ్లు అడవి పందులు పడకుండా చేను కాసింది. గొడ్డలి పట్టుకుని పోయాను. మొదటి గుంజకే చేతులు బొబ్బలెక్కాయి. రెండోది మొదలుపెట్టేసరికి అన్నయ్య వచ్చాడు. తిట్టడానికే అనుకున్నాను.

"జరుగు. నీకు నరుకుడు రాదు," అని గొడ్డలి లాక్కున్నాడు.

ఇస్త్రీ చొక్కాతోనే మంచె మొత్తం నరికాడు. చేన్లోనే పేర్చాం. మోయడానికి ఎవరూ రాలేదు. ఆటోలోంచి పెట్టె దింపేసి, దుప్పటిలో చుట్టిన అక్కను ఎక్కించాం. నిప్పు నన్నే పెట్టమన్నాడు. పెట్టాను. ఏడ్చాను గానీ భయం వేయలేదు. కోపం కూడా పోలేదు.

22 ఫిబ్రవరి

పెట్టెను వడ్రంగి వాపసు తీసుకోలేదట. వదిన అందులో చలికాలం బట్టలు సర్దుకుంది. ఫోన్లో అన్నయ్యా నేనూ నవ్వాం. నవ్వుతూనే అన్నయ్య ఏడ్చేశాడు.

25 ఫిబ్రవరి

పంచాయితీ పెట్టారు. తప్పు ఒప్పుకునేదాకా పెళ్లిళ్లకు పిలవరట. ఒప్పుకోనన్నాను. రేపు టీకాలు, పిల్లల్ని తొమ్మిదింటికల్లా పంపండని కూడా చెప్పాను. పిలవకపోతే మానె. ఆ పెళ్లిళ్లలో వంట చేసి చేసే కదా అక్క నడుము పోయింది.

26 ఫిబ్రవరి

పిల్లలందరూ వచ్చారు. తల్లులు నాతో మాట్లాడలేదు.

2 మార్చి

బీపీ చూపించుకోవడానికి మోతీ వచ్చింది. నాయక్ చెల్లెలు. అరవై దాటాయి, పెళ్లి కాలేదు. బీపీ నార్మల్. పట్టీ విప్పినా లేవలేదు.

"నన్ను గూడ కాలబెడ్తవా బిడ్డా?"

అవ్ అన్నాను. రాసుకోమంది.

రాసుకున్నాను.