కాకినాడ టికెట్లు, బచ్చన్నపేట కంకణం

సెప్టెంబర్ 2, 1982. జనగామ.
నిర్ణయం జరిగిపోయింది! పదహారు సాయంత్రం ఏడు గంటల రైలుకు కాకినాడ. అక్కణ్నుంచి పడవలో ఇసుక దీవికి. డేరా వేసుకుని రెండు రోజులు అక్కడే. నేనూ, మా శారదా.
పెళ్లయిన కొత్తలో ఆమె అడిగింది ఒక్కటే, సముద్రం చూపించమని. అది అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమం. రైళ్లు బంద్. ఆ తర్వాత పదమూడేళ్లు రైళ్లు బాగానే నడిచాయి. నేనే కదల్లేదు. ఈసారి మాత్రం ఆకాశం విరిగి మీద పడ్డా ఆగేది లేదు.
టికెట్లు కొన్నాను. సెలవు మంజూరైంది. పడవ మనిషికి జాబు రాశాను. పోస్టాఫీసు గుమస్తాకు ఆ మాత్రం చేతకాదా!
కావలసినవి: టార్పాలిన్ (పత్తి మార్కెట్లో దొరికింది, ఒక చిరుగు). కిరోసిన్ స్టవ్వు. అటుకులు. మామిడికాయ తొక్కు. జీపు ట్యూబు (నాకు ఈత రాదు).
ఆఫీసులో తుల్సీరాం సలహా: "ఉప్పు కొనకే. ఆడ మస్తుగుంటది."

సెప్టెంబర్ 5.
రిహార్సల్. మిద్దె మీద డేరా. సాయంత్రం ఆరుకు నిలబడింది. ఆరూ పదికి నా మీద పడింది.
ఈత కూడా మొదలుపెట్టాను. వానల్లేక బావిలో మోకాలి లోతు నీళ్లే. బోర్లా పడుకుని కాళ్లూ చేతులూ ఆడించాను. బురద మింగాను. శారద గట్టు మీద నిలబడి పడీ పడీ నవ్వింది. ఎన్నాళ్లకు నవ్విందో!

సెప్టెంబర్ 8.
బచ్చన్నపేట నుంచి మామగారు జగపతిరావు కబురు. చెరువు ఎండింది, పొట్టకొచ్చిన వరి మాడిపోతోంది. వాన కోసం ఏడు రోజుల భజన పెట్టారట, తాళం ఆగకుండా. "అల్లుని గొంతు లేకుంటే దేవుడు లేవడు" అన్నారట.
శారద: "పోకుండ్రి. మా బాపు సంగతి నాకెర్క."
ఒక్కరోజే కదా! రెండు పాటలు పాడి రేపు సాయంత్రం బస్సుకు వచ్చేస్తాను. టార్పాలిన్ కూడా తీసుకుపోతున్నాను. అక్కడ చిరుగు కుట్టే మనిషి ఉన్నాడు.

సెప్టెంబర్ 9. బచ్చన్నపేట.
ఉదయం 6.00: చేతికి కంకణం కట్టారు. మర్యాద అనుకున్నాను.
6.05: కంకణం కట్టుకున్నవాడు భజన ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదట!
6.06: "ముందుగాల చెప్పొద్దా మామా?" అన్నాను. "చెప్తే కట్టించుకుంటవా అల్లుడా?" అన్నారు.
పర్వాలేదు. పదహారు ఉదయం ఆరుకు విప్పుతారు. రైలు సాయంత్రం. ఇంకా పదమూడు గంటలు మిగులు!

సెప్టెంబర్ 12.
రేడియో: బంగాళాఖాతంలో వాయుగుండం. తుఫానుగా మారి కాకినాడ వైపు రావచ్చు. ఊరంతా ఈలలు! నేనొక్కణ్నే కూలబడ్డాను. వీళ్లు రమ్మంటున్నదీ నేను వద్దంటున్నదీ ఒకటే వాన. పైగా రమ్మని పాడుతున్నది నేను.
ఉపాయం: పెదవులు మాత్రమే ఆడించాలి.
పది నిమిషాలు నడిచింది. ముందు వరసలో కొమురమ్మ పట్టేసింది. ఎకరం కౌలుకు చేసుకునే ముసలామె. "ఏందయ్యా, గొంతు లేస్తలేదు? నా మడి నెర్రెలిచ్చింది. జర గట్టిగ పాడు బిడ్డా."
ఆ ముఖం చూసి ఎవరు ఊరుకుంటారు? పాడాను. ఎవరో "వారెవ్వా!" అన్నారు. అంతే, ఒళ్లు తెలియలేదు. మబ్బులు పట్టేదాకా పాడాను.

సెప్టెంబర్ 14.
ఈదురుగాలి. మధ్యాహ్నం బస్సులో శారద దిగింది.
"రేపటికి వాగొస్తది. బస్సులు బంద్ అయితయి. కంకణం ఇప్పి ఇప్పుడే రాండ్రి."
కొమురమ్మ నా వైపే చూస్తోంది. మామగారు చూస్తున్నారు. ఊరంతా చూస్తోంది.
"తుఫాన్ల పడవ ఎవడు తీస్తడు శారదా? మల్ల పోదం. సముద్రం యాడికి పోతది?"
"సముద్రం యాడికి పోదు. మీరే యాడికీ పోరు."
అదే బస్సులో తిరిగి వెళ్లిపోయింది.
నేనన్న దాంట్లో తప్పేముంది? అంతా ఆమె క్షేమం కోసమే. (ఈ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. నమ్మకం కుదరలేదు.)

సెప్టెంబర్ 15.
వాన! కొమురమ్మ కొంగు నడుముకు చుట్టి చిందులేసింది. నాకూ సంతోషం ఆగలేదు, ఏం చేయను.
సాయంత్రం: పందిరి కొట్టుకుపోయింది. భజన ఆగొద్దు కదా. తాళాలతో సహా బడి మిట్ట మీదికి చేరాం. నా టార్పాలిన్ కింద ఇరవై ఇద్దరం. చిరుగు కుట్టించలేదు. సరిగ్గా నా నెత్తి మీదికి వచ్చింది.

సెప్టెంబర్ 16.
ఉదయం 6: కంకణం విప్పారు. ఇక పొలిమేర దాటొచ్చు. పొలిమేర నీళ్ల కింద ఉంది.
9: చెరువులో చేపలు పట్టే కాటమయ్య తెప్ప మీద జొన్నరొట్టెలు తెచ్చాడు.
సరిచూసుకున్నాను. డేరా: ఉంది. పడవ: ఉన్నట్టే. చుట్టూ నీళ్లు: ఉన్నాయి. సముద్రం: లేదు. శారద: లేదు.
సాయంత్రం 7: రైలు టైము. రొట్టె నములుతూ కూర్చున్నాను.

సెప్టెంబర్ 19. జనగామ.
ఇంటికి తాళం. తుల్సీరాం తాళంచెవి ఇస్తూ అన్నాడు: "వదినె చెల్లెను తీస్కొని కాకినాడ పాయె గదనే. నీకు చెప్పలే?"
జీపు ట్యూబు కూడా తీసుకుపోయింది.

సెప్టెంబర్ 21.
శారద వచ్చింది. ముఖం నల్లబడింది. జడలో ఇసుక. తుఫాను దాటాక అక్కాచెల్లెళ్లిద్దరూ రెండు రోజులు సత్రంలో కూర్చుని, ఎండ కాయగానే పడవెక్కారట!
"ఎట్లుంది సముద్రం?"
"ముందుగాల ఏడ్పొచ్చింది," అంది. "టేషన్ మనింటికి అరమైలే. పదమూడేండ్లు మీరు తీస్కపోతరనే కూసున్న."
నాకు సిగ్గేసింది. చెంబుతో నీళ్లిచ్చాను. ఇంకేం ఇవ్వాలో తోచలేదు.

సెప్టెంబర్ 22.
కొత్త నిర్ణయం! డిసెంబర్‌లో కాకినాడ. ఈసారి శారదే నన్ను తీసుకుపోతుందట. షరతు ఒక్కటే: అప్పటిదాకా ఎవరు పాడమన్నా పాడొద్దు. ఒట్టేశాను.
ఉదయం 11, ఆఫీసు: తుల్సీరాం బిడ్డ పెళ్లట, డిసెంబర్‌లో. "నీ గొంతుకు వానే దిగొచ్చె. మా ఇంట్ల రెండు పాటలు పాడవా?" అన్నాడు.
సరే అన్నాను. తేదీ అడగడానికి భయమేసింది.